ఎంచుకున్న భాగం

కీబోర్డులు తయారుచేసే మహానుభావులందరికీ రెండు చేతులూ సలక్షణంగా పనిచేస్తాయి కాబోలు. లేకపోతే ప్రింట్ స్క్రీన్ కీని తీసుకెళ్ళి ఆ కుడి మూల ఎందుకు పెడతారు? పైగా తెర మొత్తం కావాలంటే దానికి షిఫ్ట్ జోడించాలి, ఒక్క విండోయే కావాలంటే ఆల్ట్ జోడించాలి. పందొమ్మిదేళ్ళుగా ఆ కీలని వేళ్ళు వాటంతటవే వెతుక్కుని నొక్కుతుంటే కాళికాంబకి ఆ బాధ ఏనాడూ తెలియలేదు. నాన్న కుడిచెయ్యి పడిపోయి, ఎడమచెయ్యి ఒక్కటే మిగిలాక, ఆ బుధవారం పొద్దున కీబోర్డు ముందు కూర్చుంటే ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళ దుంప తెగ," అనుకుంది పైకే.

విజయవాడలో ఆ పరిశోధనాలయంలో కంప్యూటర్లన్నిటికీ లినక్స్ ఎక్కించింది ఆవిడే. ఏది చెడినా బాగుచేసేదీ ఆవిడే. అయితే అక్కడ స్క్రీన్‌షాట్ అంటే మనందరం ఫోనుల్లో తీసుకునేలాంటిది కాదు. డాక్టర్ ఉమాపతి పదకొండేళ్ళు కష్టపడి ఒక టోపీ తయారుచేశాడు. అది పెట్టుకుని కళ్ళు మూసుకుని ఏదైనా గుర్తు తెచ్చుకుంటే, ఆ జ్ఞాపకం ఎదురుగా తెర మీద కనిపిస్తుంది. కనిపించడమంటే మసకమసగ్గా, బిందెలో నీళ్ళు కదులుతుంటే అందులో మన ముఖం కనిపించినట్టు. ఫోనుతో ఫోటో తీసినా ఆ మసకే వస్తుంది. ఎవరి జ్ఞాపకమో వాళ్ళే కీ నొక్కాలి. నొక్కగానే టోపీలోంచి చిన్న కరెంటు వెనక్కి వెళ్ళి ఆ తలపుని అరక్షణం కదలకుండా పట్టుకుంటుంది. అప్పుడు బొమ్మ ఉలితో చెక్కినంత స్పష్టంగా నిలబడుతుంది, కంప్యూటర్‌లో భద్రమవుతుంది.

కాకపోతే, అలా పట్టుకున్న తలపు మళ్ళీ ఆ మనిషికి రాదు. తెరమీదికి వచ్చిందంటే తలలోంచి పోయినట్టే. ఈ సంగతి మూడో మనిషి దగ్గర బయటపడింది. ఆయన తను చదువుకున్న బడి గేటు ఫోటో చూసి, "ఇదెక్కడిదండీ, బాగుందే?" అన్నాడట. అప్పటినుంచి టోపీ పెట్టుకునే ప్రతివాళ్ళకీ ముందుగా చెప్పి సంతకం తీసుకుంటున్నారు. కీ వాళ్ళ వేలితోనే నొక్కాలన్న నియమం కూడా అందుకే వచ్చింది. వేరేవాళ్ళు నొక్కితే అది దొంగతనమే కదా మరి.

కాళికాంబ వాళ్ళ నాన్న భద్రాచారిది పెడన. కలంకారీ అద్దకానికి టేకుచెక్క మీద బ్లాకులు చెక్కడంలో ఆయన తర్వాతే ఎవరైనా. యాభై ఏళ్ళు చెక్కాడు. చెక్కిన బ్లాకుల్లో సగం చెదలు తినేశాయి, సగం అరిగిపోయి పొయ్యిలోకి వెళ్ళాయి. నమూనాలు మాత్రం ఆయన తలలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయాక ఒకరోజు కూతురితో ఆయనే అన్నాడు, "నీ టోపీ నాకు పెట్టవే కాళీ. చెయ్యి పోయాక ఈ పూలూ లతలూ నా తలలో ఉండి ఏం ఉద్ధరిస్తాయి? బయటుంటే ఇంకొకడైనా చెక్కుకుంటాడు."

మొదటి వారం ఉమాపతి జుట్టు పీక్కున్నాడు. ఆయన తలలోంచి వచ్చిన బొమ్మలన్నీ కుడి ఎడమలు తారుమారై వస్తున్నాయి. తీగలు విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. చివరికి భద్రాచారే నవ్వి, వంకర తిరిగిన మూతితో నెమ్మదిగా చెప్పాడు.

"డాక్టరు గారూ, మీ యంత్రానికేం రోగం లేదండీ. బ్లాకు తిరగేసి చెక్కితేనే గుడ్డ మీద అచ్చు సరిగ్గా పడుద్ది. ఎవరికైనా ఇవ్వాల్సిన బొమ్మైతే నా బుర్రలో ముందు తిరగబడుద్ది. నాకోసం ఉంచుకునేదైతే తిన్నగానే ఉంటది."

ఉమాపతి పగలబడి నవ్వాడు. ఆ తర్వాత బొమ్మ వచ్చినప్పుడల్లా దాన్ని అద్దంలోలా తిప్పి దాచడం కాళికాంబ వంతయింది. అలా ఓ నలభై నమూనాలు హాయిగా వచ్చాయి.

జంట చిలకల అంచు దగ్గర అంతా తలకిందులైంది. ఆ నమూనా భద్రాచారి తలలో ఒంటరిగా లేదు. ఆయన గురువు తాతాచారి గారి పాకలో, గోడకి వేలాడుతూ ఉంది. దాని కిందే గురువు గారు కూర్చుని ఉన్నారు. పక్కన కిటికీ, కిటికీలోంచి ఎండ. కాళికాంబ పక్కన నిలబడి షిఫ్ట్ నొక్కి పట్టుకుంది, ఆయన ఎడమచెయ్యి అంత దూరం సాచి ప్రింట్ కీ కొట్టాడు. తెర మొత్తం పట్టుబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెరుగన్నం కలుపుతూ కాళికాంబ మామూలుగానే అంది, "మీ గురువు గారు భలే ఉన్నారు నాన్నా, ఆ మీసాలూ ఆయనా!"

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "తాతాచారి గారా? ఆయన... ఎలా ఉండేవారే?" అన్నాడు. పేరు గుర్తుంది. నేర్చుకున్న పనంతా గుర్తుంది. ముఖం లేదు, పాక లేదు, కిటికీ లేదు. పన్నెండేళ్ళు ఆయన పక్కన కూర్చున్న మనిషి, కంచం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాళికాంబ కూడా ఏడ్చింది. ఆ షిఫ్ట్ కీ నొక్కిపట్టుకున్నది తన వేలే కదా.

అందుకే ఈ బుధవారం పొద్దుటి తంతు. మొత్తం తెర కాకుండా, గీత గీసి ఎంచుకున్న భాగాన్ని మాత్రమే పట్టుకునేలా చేస్తే? కరెంటు ఆ చట్రం లోపలికే వెళ్తుంది, బయట ఉన్నదంతా మనిషికే మిగులుతుంది. ఉమాపతి లెక్కలు వేసి చూసి, "అవుతుంది కాళికా, తప్పకుండా అవుతుంది. ఇన్నాళ్ళూ మనకెందుకు తట్టలేదు?" అన్నాడు.

"మీకు తట్టకపోతే పోనీ, నాకెందుకు తట్టలేదండీ? స్క్రీన్‌షాట్లు తీసుకునే ఉద్యోగం నాది," అంది కాళికాంబ. ఆ మాట నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు.

సెట్టింగ్స్ తెరిచింది. అందులో కీబోర్డు, అందులో షార్ట్‌కట్లు, అందులో స్క్రీన్‌షాట్లు. తెర మొత్తం తీసే షార్ట్‌కట్ మీద నొక్కి బ్యాక్‌స్పేస్ కొట్టింది. అది కాస్తా ఊడిపోయింది. విండో తీసేదాన్నీ అలాగే ఊడబెరికింది. ఇక భాగాన్ని ఎంచుకునేది ఒక్కటే మిగిలింది. దానికి ఎడమచేతికి అందే కీ ఇవ్వాలి. ఎఫ్-టూ నొక్కింది. ఈ కీని ఇప్పటికే వేరే పనికి వాడుతున్నారు, దాన్ని తీసేసి దీనికి ఇమ్మంటారా అని కంప్యూటర్ అడిగింది.

"ఇమ్మనే చెప్తున్నా కదా," అని అవునన్నదాని మీద కొట్టింది.

ఎఫ్-టూ నొక్కితే తెర మీద ఒక చట్రం వస్తుంది, టోపీ పెట్టుకున్నవాళ్ళకి మూసిన కళ్ళ ముందూ అదే కనిపిస్తుంది. ఎడమ అరచేతి కింద పెట్టిన బంతిమౌస్‌తో దాన్ని జరుపుకోవచ్చు, పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. స్పేస్‌బార్ కొడితే చట్రంలో ఉన్నది పట్టుబడుతుంది. అంతే. ఇంట్లో విరిగిపోయిన ఓ బ్లాకు ఉంటే, దాని చెక్కముక్కని నున్నగా అరగదీసి ఎఫ్-టూ మీద జిగురుతో అంటించింది.

భద్రాచారి ఆ ముక్కని వేలితో తడిమి చూశాడు. "మామిడిపిందె బ్లాకులోదే ఇది. నేను ముప్పై ఏళ్ళకి చెక్కింది."

"కళ్ళు మూసుకున్నా దొరకాలని పెట్టాను నాన్నా."

"బాగుందమ్మా. మరి చట్రం బయట ఉన్నది పోదు కదా? ఖాయమేనా?"

"ఖాయం. మనం చట్రంలో ఎంత పెడితే అంతే పోతుంది. మిగతాదంతా నీదే."

ఆయన బంతిమౌస్‌ని అరచేత్తో అటూ ఇటూ దొర్లించాడు. ఆ తర్వాత, "అయితే ముఖం ఒక్కటీ చట్రంలో పెట్టి, మనిషిని బయట ఉంచుకోవచ్చన్నమాట," అన్నాడు.

వేళ్ళకంటిన జిగురు తుడుచుకుంటున్న కాళికాంబ చప్పున తల ఎత్తింది.

ఆయన ఎవరి గురించి అంటున్నాడో ఆవిడకి తెలుసు. కాళికాంబకి పదకొండు నెలలప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. గోడ కూలి తల్లి మాణిక్యం పోయింది. పెళ్ళినాటి ఫోటో ఒక్కటే ఉండేది, ఆ నీళ్ళలో అదీ పోయింది. తల్లి ముఖం ఎలా ఉంటుందో కాళికాంబ చూసి ఎరగదు. చిన్నప్పుడు అద్దం ముందు నిలబడి తన ముక్కుని ఒకసారి, కళ్ళని ఒకసారి చేత్తో మూసుకుని, మిగిలినది అమ్మదేమో అని చూసుకునేది. పెద్దత్త బతికున్నప్పుడు, "ఎడం చెంప మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ ఉండేదే మీ అమ్మకి," అని చెప్పేది. పెద్దత్త పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఈ భూమ్మీద మాణిక్యం ముఖం తెలిసిన ప్రాణి భద్రాచారి ఒక్కడే.

"నాన్నా, అమ్మ జోలికి వెళ్ళకు," అంది కాళికాంబ. "నలభై మూడేళ్ళుగా నేను చూడలేదు. చూడకుండానే బతికాను. నువ్వు చూసుకుంటున్నావు కదా, నాకది చాలు."

"నేనెన్నాళ్ళుంటానే? నాతోపాటు అదీ కాటికే కదా పోయేది."

"పోతే పోనీ. ఒట్టు పెట్టు."

"చాల్లే, ఒట్లేంటి ఈ వయసులో," అని ముఖం తిప్పుకున్నాడు. ఒట్టు మాత్రం పెట్టలేదు. కాళికాంబ అది గమనించి కూడా, నాన్నకి చిరాకు తెప్పించడం ఎందుకులే అని వదిలేసింది. వదలకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక ఆయన ఎప్పుడూ లేనిది మాణిక్యం కబుర్లు మొదలుపెట్టాడు. కాళికాంబ గోరుచిక్కుళ్ళు తుంపుతూ వింది. పెళ్ళికి ముందు వేరే పాకలో, పెళ్ళయ్యాక ఆయన దగ్గరే మాణిక్యం అద్దకం పని చేసేదట. భద్రాచారి చెక్కిన బ్లాకుని రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో రెండుసార్లు మెల్లగా, మూడోసారి గట్టిగా గుద్దేదట. ఆ చప్పుడుని బట్టే బల్ల దగ్గర ఉన్నది ఆవిడో ఇంకొకరో వెనక్కి తిరక్కుండా చెప్పేసేవాడట.

"మణికట్ల దాకా గుడ్డలు ముంచే కరక్కాయ నీళ్ళ పసుపు. ఎంత తోమినా పోయేది కాదు. పెళ్ళిపీటల మీద కూడా పసుపు చేతులే. చూసినవాళ్ళంతా మంగళస్నానం పసుపనుకున్నారు," అని నవ్వాడు.

కాళికాంబ కూడా నవ్వింది. నాన్న ఇంత సంతోషంగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో అనుకుంది. ఆయన అప్పుడు చట్రం ఎక్కడిదాకా జరపాలో కొలుచుకుంటున్నాడని ఆవిడకేం తెలుసు?

శుక్రవారం పదకొండింటికి నాన్నని వాలుకుర్చీలో పడుకోబెట్టి టోపీ పెట్టారు. ఆ రోజు తీయాల్సింది నెమలిపింఛం పైటకొంగు నమూనా. తెర మీద పింఛం మసగ్గా ఊగుతుండగా, ఆఫీసు గదిలో ప్రింటర్ మొరాయించిందని కాళికాంబకి పిలుపు వచ్చింది.

"వెళ్ళు, వెళ్ళు, డాక్టరు గారున్నారుగా. నాకిప్పుడు ఎవరి వేలూ అక్కర్లేదు," అన్నాడు భద్రాచారి, చెక్కముక్క మీద వేలు ఆనించి.

ఆవిడ వెళ్ళింది. ఉమాపతి గాజు పలక అవతల కరెంటు చూసుకుంటున్నాడు. ఆయన తర్వాత చెప్పిందాన్ని బట్టి, పింఛం కాసేపటికి చెదిరిపోయింది. పెద్దాయన అలిసిపోయాడనుకున్నాడు ఉమాపతి. తర్వాత ఏదో ఆకారం వచ్చింది. నిలువుగా, ఎర్రగా, మనిషిలాగే ఉంది. చట్రం వచ్చి దానిమీద పడింది. చాలాసేపు అటు జరిగింది, ఇటు జరిగింది, కిందికి దిగింది, మళ్ళీ పైకి వెళ్ళింది. అది నమూనా కాదని ఉమాపతికి అర్థమై, "భద్రాచారి గారూ, ఆగండి!" అంటూ తలుపు దాకా వచ్చేసరికి స్పేస్‌బార్ టక్కుమంది.

కాళికాంబ ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగి తిరిగొచ్చేసరికి తలుపు దగ్గర ఉమాపతి నిలబడి ఉన్నాడు. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు, కళ్ళ కొసల్నించి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తెర మీద ఒక ఆడమనిషి ముఖం ఉంది.

పాతికేళ్ళు కూడా ఉండవు. నుదుటి మీద కొంచెం చెదిరిన బొట్టు. ఎవరో పిలిస్తే పనిలోంచి తల ఎత్తినట్టు, కొంచెం విసుగు, కొంచెం నవ్వు. పాపిట నుంచి గడ్డం దాకా, అంతే. గడ్డం కింద బొమ్మ తెగిపోయింది.

కాళికాంబ తెర దగ్గరికి వచ్చింది. కుర్చీ పట్టుకుని నిలబడింది. తన కొడుకు వయసు ఆడపిల్ల, తన తల్లి. "అమ్మా" అంది, పెదవులతోనే. ఆ క్షణంలో ఆవిడకి కలిగింది సంతోషమే. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నాన్న సంగతే మర్చిపోయింది. గుర్తొచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాళికా, ఇది పొరపాటున జరిగిందంటారా? నమూనా అనుకుని నొక్కేశారేమో," అన్నాడు ఉమాపతి, ఆ మాట తనకే నమ్మకం లేనట్టు.

తనూ అలాగే అనుకోవాలని చూసింది కాళికాంబ. చట్రం తనే పెట్టింది, కీ తనే ఇచ్చింది, వేలికి తగిలేలా చెక్కముక్క తనే అంటించింది. పొరపాటైతే తన తప్పు అంతవరకే, నాన్న కావాలని తనకోసం పోగొట్టుకున్నట్టు కాదు. అప్పుడు చూసింది పుట్టుమచ్చని. నువ్వుగింజంత ఉంది. కుడి చెంప మీద ఉంది.

కుడి చెంప. ఇవ్వాల్సిన బొమ్మైతే నా బుర్రలో ముందు తిరగబడుద్ది, అన్నాడు కదా నాన్న. ఎన్నేళ్ళుగానో తిన్నగా ఉంచుకున్న ముఖాన్ని ఆయన బుధవారం నుంచి తిప్పుతూ కూర్చున్నాడు. కూతురికి అచ్చు సరిగ్గా పడాలని, బ్లాకు చేసి మరీ ఇచ్చాడు. ఇక పొరపాటన్న మాటకి చోటే లేదు.

ఆవిడ మౌస్ పట్టుకుని బొమ్మని తిప్పింది. పుట్టుమచ్చ ఎడం చెంప మీదికి వచ్చింది. టోపీ తీసి, నాన్న తల కింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టింది.

"ఎంత పని చేశావు నాన్నా?" అంది. తిడదామనుకుంది. ఏడుపు వచ్చేసింది.

భద్రాచారి కళ్ళు తెరిచి తెర వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తల అటు వంచి, ఇటు వంచి, కొత్త కుర్రాడు చెక్కి తెచ్చిన బ్లాకుని పరీక్షించినట్టు చూశాడు.

"పని శుభ్రంగా వచ్చింది," అన్నాడు చివరికి. తర్వాత గొంతు తగ్గించి, ఉమాపతికి వినపడకుండా అడిగాడు. "ఈవిడేనంటావా?"

కాళికాంబ ఏం చెప్పాలి? ఆవిడ తల్లిని ఎన్నడూ చూడలేదు. చూసినవాడు ఇప్పుడు తనని అడుగుతున్నాడు. ఈ ముఖం మాణిక్యానిదని సాక్ష్యం చెప్పగలిగిన మనిషి అరగంట క్రితం దాకా ఒకడుండేవాడు.

"ఈవిడే నాన్నా," అంది. "పెద్దత్త చెప్పిన చోటే ఉంది మచ్చ."

"నువ్వు చెప్తే నమ్ముతా." మళ్ళీ తెర వంక చూశాడు. "నొక్కింది గుర్తుంది. ఎందుకు నొక్కానో గుర్తుంది. బల్ల దగ్గర నించుని ఉంది, ఎర్రచీర, పసుపు చేతులు. అన్నీ ఉన్నాయే. తల ఎత్తుతుంది... ఎత్తితే అక్కడేం లేదు."

"ఎందుకు చేశావు మరి? వద్దన్నాను కదా, నిన్ను బతిమాలాను కదా!"

"నువ్వు అద్దం ముందు నించుని ముక్కూ కళ్ళూ మూసుకునేదానివి. నేను చెక్క ముందు కూర్చుని అంతా చూసేవాణ్ణి. పూలు తప్ప మనిషి ముఖం చెక్కడం చేతకాని వెధవని. అప్పుడివ్వలేకపోయా. ఇన్నాళ్ళకి ఒక మీట దొరికింది." ఆయాసం వచ్చి ఆగాడు. "చేతులు నేనుంచుకున్నా. ఏమనుకోకు."

కాళికాంబ ఆయన భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఉమాపతి మెల్లగా బయటికి వెళ్ళి తలుపు చేరవేశాడు. ఆ తర్వాత ఆయన ఆ టోపీని ఇంకెవరికీ పెట్టలేదు, కానీ అది వేరే సంగతి.

ఇంటికి బయల్దేరే ముందు కాళికాంబ ఆ కంప్యూటర్ ముందు మళ్ళీ కూర్చుంది. సెట్టింగ్స్, కీబోర్డు, షార్ట్‌కట్లు. ఎఫ్-టూ ఉన్న వరుస మీద నొక్కి బ్యాక్‌స్పేస్ కొట్టింది. ఆ చోట ఏమీ లేదని కంప్యూటర్ చూపించింది. మామిడిపిందె ముక్కని గోటితో ఊడదీసి కొంగున ముడేసుకుంది. బొమ్మని మంచి కాగితం మీద అచ్చు తీసింది. పొద్దున మొరాయించిన ప్రింటర్ ఇప్పుడు మాత్రం బుద్ధిగా పనిచేసింది.

ఇంట్లో ఆ కాగితాన్ని నాన్న మంచానికి ఎదురుగా గోడకి అంటించింది. ఆయన దిండుకి ఆనుకుని, ఎదుటి గోడ వంక బెరుగ్గా చూశాడు.

"తీసేయనా నాన్నా? కష్టంగా ఉందా?"

"ఉండనీ. పెళ్ళిచూపులప్పుడూ ఇంతే కదా, ముక్కూ ముఖం తెలీని పిల్లని చూసొచ్చా. రెండోసారి చూస్తున్నాననుకుంటా." మచ్చ వంక చూస్తూ, "నవ్వితే ఎలా ఉండేదో," అన్నాడు.

కాళికాంబ కాగితం మూల ఊడకుండా వేలితో అదిమింది. భద్రాచారి ఎడమచెయ్యి పిడికిలి బిగించి మంచం పట్టె మీద రెండుసార్లు మెల్లగా, మూడోసారి గట్టిగా కొట్టాడు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి గోడ మీది అమ్మాయిని చూసి, మళ్ళీ మొదట్నించీ కొట్టడం మొదలుపెట్టాడు.